ఆంధ్రప్రదేశ్ శాసనసభలో షెడ్యూల్డు తెగల స్థానాలు

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో మొత్తం 175 స్థానాలు కలవు. వీటిలో 29 స్థానాలు షెడ్యూల్డు కులాలకు, 7 స్థానాలు షెడ్యూల్డు తెగలకు కేటాయించబడినాయి. షెడ్యూల్డు తెగలకు కేటాయించిన ఏడు స్థానాలు పాలకొండ, కురుపాం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. ఉత్తరాన వంశధార నుండి దక్షిణాన గోదావరి దాకా తూర్పు కనుమల వెంబడి ఇవి వరుసగా విస్తరించి ఉన్నాయి. ఈ ప్రాంతాన్నే వాడుకలో మన్యం అని, ప్రభుత్వ పరిభాషలో ఏజెన్సీ అని అంటారు.

సంఖ్యాపరంగా ఈ స్థానాలు సభలో నాలుగు శాతం మాత్రమే. ప్రభుత్వం ఏర్పడడానికైనా, పడిపోవడానికైనా ఈ ఏడు ఓట్లు సాధారణంగా నిర్ణాయకం కావు. కాని షెడ్యూల్డు ప్రాంతాల భూమి, అడవి, ఖనిజం, ఉద్యోగాలకు సంబంధించిన ప్రశ్నలు సభలో వచ్చినపుడు ఆ ప్రాంత ప్రజల తరఫున నేరుగా మాట్లాడవలసినవారు ఈ ఏడుగురే. అందువలన వీరు ఏ పార్టీకి చెందినవారు, అధికార పక్షంలో ఎందరు, ప్రతిపక్షంలో ఎందరు అన్నది మన్యం ప్రజలకు ముఖ్యమైన విషయం.

## రాజ్యాంగ నేపథ్యం

భారత రాజ్యాంగంలోని 332వ అధికరణం రాష్ట్ర శాసనసభలలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు స్థానాలను ప్రత్యేకిస్తుంది. లోక్‌సభకు సంబంధించిన ఏర్పాటు 330వ అధికరణంలో ఉంది. ఈ ఏర్పాటు మొదట పది సంవత్సరాల కొరకు ఉద్దేశించబడినది. తరువాత 334వ అధికరణాన్ని పలుమార్లు సవరించి గడువును పొడిగిస్తూ వచ్చారు. 104వ సవరణ ప్రకారం ప్రస్తుత గడువు 2030 జనవరి 25తో ముగుస్తుంది. శాసనమండలిలో ఇటువంటి రిజర్వేషను లేదు.

రిజర్వు చేసిన నియోజకవర్గంలో అభ్యర్థి మాత్రమే షెడ్యూల్డు తెగకు చెందినవారై ఉండాలి. ఓటు హక్కు అక్కడి వయోజనులందరికీ ఉంటుంది. కనుక మైదాన మండలాలు కలిసి ఉన్న నియోజకవర్గాలలో గిరిజనేతర ఓటర్లు కూడ ఫలితాన్ని ప్రభావితం చేయగలరు.

షెడ్యూల్డు కులాల స్థానాలను రాష్ట్రంలోని వివిధ ప్రాంతాలలో పంపిణీ చేస్తారు. షెడ్యూల్డు తెగల స్థానాలను మాత్రం జనాభాలో వారి నిష్పత్తి అత్యధికంగా ఉన్న చోటనే కేటాయిస్తారు. ఏడు స్థానాలూ తూర్పు కనుమలలోనే ఉండడానికి కారణం ఇదే. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలలో అధికంగా నివసించే యానాదులు, నల్లమలలోని చెంచులు, రాష్ట్రమంతటా ఉన్న ఎరుకలవారు కూడ షెడ్యూల్డు తెగలవారే. కాని వారు నివసించే ప్రాంతాలలో షెడ్యూల్డు తెగలకు కేటాయించిన శాసనసభ స్థానం ఒక్కటి కూడ లేదు. ఆ విధంగా ఏడుగురు మన్యం సభ్యులు తమ నియోజకవర్గాలకే కాక, రాష్ట్రంలోని గిరిజనులందరికీ ప్రతినిధులుగా భావించబడుతున్నారు.

### ఐదవ షెడ్యూలు, గిరిజన సలహా మండలి

షెడ్యూల్డు ప్రాంతాల పరిపాలనకు రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు వర్తిస్తుంది. దీని ప్రకారం పార్లమెంటు గాని, రాష్ట్ర శాసనసభ గాని చేసిన చట్టం షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదని, లేదా కొన్ని మార్పులతో వర్తిస్తుందని గవర్నరు ప్రకటించవచ్చు. ఆ ప్రాంతాల శాంతికి, సుపరిపాలనకు గవర్నరు స్వయంగా నిబంధనలు కూడ చేయవచ్చు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా నిరోధించే భూబదలాయింపు నిబంధన (1959లో 1వది, దానిని మరింత కఠినతరం చేసిన 1970లో 1వది) ఈ విధంగా వచ్చినదే. అనగా మన్యం ప్రజల జీవితంలో అత్యంత ముఖ్యమైన ఈ శాసనం శాసనసభ చర్చించి చేసిన చట్టం కాదు.

ఇటువంటి నిబంధనలు చేసే ముందు గవర్నరు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. మండలిలో ఇరవై మందికి మించకుండా సభ్యులుంటారు. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతులు శాసనసభలోని షెడ్యూల్డు తెగల ప్రతినిధులై ఉండాలి. ఇరవైలో నాలుగింట మూడు వంతులు అంటే పదిహేను. 1978 నుండి 2009 దాకా సమైక్య రాష్ట్ర శాసనసభలో షెడ్యూల్డు తెగల స్థానాలు సరిగ్గా పదిహేను. ప్రస్తుత రాష్ట్రంలో ఏడే ఉన్నందున మిగిలిన స్థానాలను ఇతర గిరిజనులతో నింపవలసి వస్తున్నది.

## చరిత్ర

### బ్రిటిషు కాలం

గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను 1839లో చేసిన 24వ చట్టం ద్వారా సాధారణ న్యాయపాలన నుండి తప్పించి, కలెక్టరుకు ఏజెంటు హోదాలో ప్రత్యేక అధికారాలిచ్చారు. ఏజెన్సీ అనే పేరు దీనినుండే వచ్చింది. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరుగుబాటు జరిగింది.

1935 భారత ప్రభుత్వ చట్టం ఈ ఏజెన్సీని పాక్షిక మినహాయింపు ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఆ చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలో 215 స్థానాలుండగా, వెనుకబడిన ప్రాంతాలు, తెగల కొరకు కేటాయించినది ఒకే ఒక్క స్థానం. నేటి తమిళనాడు, కోస్తా ఆంధ్ర, రాయలసీమ, మలబారు ప్రాంతాలలోని కొండజాతులన్నింటికీ కలిపి లభించిన ప్రత్యేక ప్రాతినిధ్యం అది.

### స్వాతంత్ర్యానంతరం

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఏజెన్సీ ప్రాంతాలు షెడ్యూల్డు ప్రాంతాలుగా ప్రకటించబడినాయి. తొలి ఎన్నికలలో కొన్ని నియోజకవర్గాలు ద్విసభ్య నియోజకవర్గాలు. అటువంటి చోట ఒకే నియోజకవర్గం నుండి ఒక సాధారణ సభ్యుడు, ఒక రిజర్వుడు సభ్యుడు ఎన్నికయ్యేవారు. 1961లో ఈ పద్ధతి రద్దయింది.

సభలోని మొత్తం స్థానాలు పలుమార్లు మారినాయి. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో 196 స్థానాలుండేవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1957లో తెలంగాణలోని 105 స్థానాలతో కలిపి 301 అయినాయి. 1962లో 300, 1967లో 287, 1978 నుండి 294.

1978–2009 మధ్య 294 స్థానాలలో షెడ్యూల్డు తెగలకు కేటాయించినవి 15. వీటిలో ఆంధ్ర ప్రాంతానివి ఎనిమిది: కొత్తూరు, నాగూరు, సాలూరు, శృంగవరపుకోట, పాడేరు, చింతపల్లి, ఎల్లవరం, పోలవరం. తెలంగాణ ప్రాంతానివి ఏడు: బోథ్, ఖానాపూర్, ములుగు, భద్రాచలం, బూర్గంపహాడ్, ఇల్లందు, దేవరకొండ.

### 2008 పునర్విభజన

2001 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన నియోజకవర్గాల పునర్విభజనలో షెడ్యూల్డు తెగల స్థానాలు 15 నుండి 19కి పెరిగినాయి. అయితే పెరుగుదల అంతా తెలంగాణ ప్రాంతంలోనే జరిగింది. అక్కడ స్థానాలు ఏడు నుండి పన్నెండుకు పెరుగగా, ఆంధ్ర ప్రాంతంలో ఎనిమిది నుండి ఏడుకు తగ్గినాయి.

కొత్తూరు, నాగూరు, చింతపల్లి, ఎల్లవరం నియోజకవర్గాలు రద్దయినాయి. కురుపాం, అరకులోయ, రంపచోడవరం కొత్తగా ఏర్పడినాయి. అంతకుముందు షెడ్యూల్డు కులాలకు కేటాయించిన పాలకొండ షెడ్యూల్డు తెగలకు మారింది. శృంగవరపుకోట జనరల్ స్థానమైంది.

### రాష్ట్ర విభజన

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినపుడు 294 స్థానాలలో 175 ఆంధ్రప్రదేశ్‌కు, 119 తెలంగాణకు వచ్చినాయి. షెడ్యూల్డు తెగల 19 స్థానాలలో 7 ఆంధ్రప్రదేశ్‌కు, 12 తెలంగాణకు చెందినాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభాలో షెడ్యూల్డు తెగలవారు సుమారు 5.5 శాతం. ఈ నిష్పత్తిని 175 స్థానాలకు అన్వయిస్తే తొమ్మిది లేక పది స్థానాలు రావాలి. సమైక్య రాష్ట్రాన్ని ఒకే యూనిట్‌గా తీసుకొని స్థానాలు నిర్ణయించిన తరువాత రాష్ట్రం విడిపోవడమే ఈ వ్యత్యాసానికి కారణం.

పోలవరం ప్రాజెక్టు ముంపు దృష్ట్యా ఖమ్మం జిల్లాకు చెందిన ఏడు మండలాల ప్రాంతాన్ని 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం (ఎటపాక) రంపచోడవరం నియోజకవర్గంలో చేరినాయి. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపహాడ్ మండలంలోని కొన్ని గ్రామాలు పోలవరం నియోజకవర్గంలో చేరినాయి. ఈ ప్రాంతపు ఓటర్లు 2014లో తెలంగాణ శాసనసభకు ఓటు వేసి, 2019లో తొలిసారిగా ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఓటు వేశారు. భద్రాచలం నుండి మూడుమార్లు ఎన్నికైన భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు) నాయకుడు సున్నం రాజయ్య స్వగ్రామం కూడ వి.ఆర్.పురం మండలంలోనిదే. 2019లో అతడు రంపచోడవరం నుండి పోటీ చేసి ఓడిపోయాడు.

## నియోజకవర్గాలు

ఏడు నియోజకవర్గాల క్రమసంఖ్యలు, వాటిలోని మండలాలు ఈ దిగువన ఇవ్వబడినాయి.

* పాలకొండ (10): పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం. సవరలు, జాతాపులు ప్రధానమైన తెగలు.
* కురుపాం (11): కురుపాం, గుమ్మలక్ష్మీపురం, జియ్యమ్మవలస, గరుగుబిల్లి, కొమరాడ. ఇక్కడ కూడ జాతాపులు, సవరలు అధికం.
* సాలూరు (13): సాలూరు, పాచిపెంట, మెంటాడ, మక్కువ. సాలూరు పురపాలక పట్టణం.
* అరకులోయ (28): అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు. కొండదొర, బగత, వాల్మీకి, కోందు, పరజ, కొటియ, గదబ తెగలవారు నివసిస్తారు.
* పాడేరు (29): పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు.
* రంపచోడవరం (53): రంపచోడవరం, మారేడుమిల్లి, దేవీపట్నం, వై.రామవరం, అడ్డతీగల, గంగవరం, రాజవొమ్మంగి, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక. కొండరెడ్లు, కోయలు ప్రధానమైన తెగలు.
* పోలవరం (67): పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కొయ్యలగూడెం, టి.నరసాపురం, కుక్కునూరు, వేలేరుపాడు.

పోలవరం మినహా మిగిలిన ఆరు నియోజకవర్గాలు, షెడ్యూల్డు కులాలకు కేటాయించిన పార్వతీపురం కలిసి అరకు లోక్‌సభ నియోజకవర్గం అవుతుంది. పోలవరం ఏలూరు లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు పాలకొండ, కురుపాం, సాలూరు ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలోను, అరకులోయ, పాడేరు, రంపచోడవరం ప్రాంతాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరినాయి.

## ఎన్నికైన సభ్యులు

2008 పునర్విభజన తరువాత జరిగిన నాలుగు సాధారణ ఎన్నికలలో గెలుపొందినవారి వివరాలు. (కాం = భారత జాతీయ కాంగ్రెసు, తెదేపా = తెలుగుదేశం పార్టీ, వైకాపా = వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీ, జసేపా = జనసేన పార్టీ)

| నియోజకవర్గం | 2009 | 2014 | 2019 | 2024 |
|---|---|---|---|---|
| పాలకొండ | నిమ్మక సుగ్రీవులు (కాం) | విశ్వాసరాయి కళావతి (వైకాపా) | విశ్వాసరాయి కళావతి (వైకాపా) | నిమ్మక జయకృష్ణ (జసేపా) |
| కురుపాం | వి.టి.జనార్దన్ థాట్రాజ్ (కాం) | పాముల పుష్పశ్రీవాణి (వైకాపా) | పాముల పుష్పశ్రీవాణి (వైకాపా) | తోయక జగదీశ్వరి (తెదేపా) |
| సాలూరు | పీడిక రాజన్నదొర (కాం) | పీడిక రాజన్నదొర (వైకాపా) | పీడిక రాజన్నదొర (వైకాపా) | గుమ్మిడి సంధ్యారాణి (తెదేపా) |
| అరకులోయ | శివేరి సోమ (తెదేపా) | కిడారి సర్వేశ్వరరావు (వైకాపా) | చెట్టి పాల్గుణ (వైకాపా) | రేగం మత్స్యలింగం (వైకాపా) |
| పాడేరు | పసుపులేటి బాలరాజు (కాం) | గిడ్డి ఈశ్వరి (వైకాపా) | కొట్టగుల్లి భాగ్యలక్ష్మి (వైకాపా) | మత్స్యరాస విశ్వేశ్వరరాజు (వైకాపా) |
| రంపచోడవరం | కె.కె.వి.వి.వి.సత్యనారాయణరెడ్డి (కాం) | వంతల రాజేశ్వరి (వైకాపా) | నాగులాపల్లి ధనలక్ష్మి (వైకాపా) | మిరియాల శిరీషాదేవి (తెదేపా) |
| పోలవరం | తెల్లం బాలరాజు (కాం) | మొడియం శ్రీనివాసరావు (తెదేపా) | తెల్లం బాలరాజు (వైకాపా) | చిర్రి బాలరాజు (జసేపా) |

2012 జూన్‌లో జరిగిన ఉపఎన్నికలో తెల్లం బాలరాజు వైకాపా తరఫున పోలవరం నుండి తిరిగి ఎన్నికయ్యాడు.

## పార్టీల బలాబలాలు

### 2004 వరకు

పునర్విభజనకు ముందు మన్యం స్థానాలలో పార్టీల వైవిధ్యం అధికంగా ఉండేది. కాంగ్రెసు, తెలుగుదేశం పార్టీలతో పాటు వామపక్షాలకు కూడ బలం ఉండేది. చింతపల్లి నుండి 1994, 2004లలో భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన గొడ్డేటి దేముడు గెలుపొందాడు. 2004లో నాగూరు నుండి భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు) అభ్యర్థి కోలక లక్ష్మణమూర్తి, పాడేరు నుండి బహుజన సమాజ్ పార్టీ అభ్యర్థి లకే రాజారావు ఎన్నికయ్యారు. ఆ ఎన్నికలలో రాష్ట్రం మొత్తంమీద బహుజన సమాజ్ పార్టీకి లభించినది ఈ పాడేరు స్థానం ఒక్కటే.

రిజర్వుడు స్థానాలలో అభ్యర్థి తెగ హోదా గురించిన వివాదాలు కూడ ఫలితాలను మార్చినాయి. 2004లో సాలూరు నుండి గెలుపొందిన ఆర్.పి.భంజ్‌దేవ్ (తెదేపా) ఎన్నికను ఈ కారణంపై న్యాయస్థానం రద్దు చేయగా, పీడిక రాజన్నదొర శాసనసభ్యుడయ్యాడు.

### 2009

ఏడు స్థానాలలో కాంగ్రెసుకు ఆరు, తెలుగుదేశం పార్టీకి ఒకటి (అరకులోయ) లభించినాయి. సమైక్య రాష్ట్ర శాసనసభలో 294 స్థానాలకు గాను కాంగ్రెసు 156, తెలుగుదేశం 92 గెలుచుకున్నాయి. మన్యం ఆ సభలో అధికార పక్షంవైపు నిలిచింది.

### 2014

రాష్ట్రంలోని 175 స్థానాలలో తెలుగుదేశం 102 స్థానాలతో అధికారంలోకి వచ్చింది. వైకాపా 67 గెలిచింది. మన్యంలో ఫలితం ఇందుకు పూర్తిగా భిన్నం: వైకాపాకు ఆరు, తెలుగుదేశానికి ఒకటి (పోలవరం). మైదానంలో అధికారం తెలుగుదేశానికి దక్కగా, మన్యం దాదాపుగా ప్రతిపక్షం వెంట నడిచింది.

ఈ పరిస్థితి సభ పదవీకాలం ముగిసేవరకు నిలువలేదు. వైకాపాకు చెందిన 23 మంది శాసనసభ్యులు ఆ కాలంలో తెలుగుదేశంలో చేరినారు. వారిలో ముగ్గురు మన్యం సభ్యులు: 2016లో కిడారి సర్వేశ్వరరావు (అరకులోయ), 2017 నవంబరులో గిడ్డి ఈశ్వరి (పాడేరు), వంతల రాజేశ్వరి (రంపచోడవరం). దానితో ఎన్నిక జరగకుండానే ఏడు స్థానాలలో బలాబలాలు తెలుగుదేశం 4, వైకాపా 3గా మారినాయి.

### 2019

వైకాపా రాష్ట్రంలో 151 స్థానాలు గెలిచి అధికారంలోకి వచ్చింది. తెలుగుదేశం 23, జనసేన 1 గెలిచినాయి. మన్యంలోని ఏడు స్థానాలూ వైకాపాకే లభించినాయి. పునర్విభజన తరువాత ఒకే పార్టీ ఏడింటినీ గెలవడం ఇదే మొదటిసారి.

### 2024

2024 మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు జరిగినాయి. భద్రతా కారణాల వలన అరకులోయ, పాడేరు, రంపచోడవరంలలో పోలింగును సాయంత్రం 4 గంటలకే ముగించారు. తెలుగుదేశం 135, జనసేన 21, భారతీయ జనతా పార్టీ 8 స్థానాలు గెలువగా, వైకాపా 11 స్థానాలకు పరిమితమైంది.

| పార్టీ | మొత్తం సభలో | షెడ్యూల్డు తెగల స్థానాలలో |
|---|---|---|
| తెలుగుదేశం | 135 | 3 |
| జనసేన | 21 | 2 |
| వైకాపా | 11 | 2 |
| భారతీయ జనతా పార్టీ | 8 | 0 |
| మొత్తం | 175 | 7 |

వైకాపా గెలిచిన పదకొండు స్థానాలలో రెండు అరకులోయ, పాడేరు. మిగిలిన తొమ్మిదీ రాయలసీమ, ప్రకాశం ప్రాంతాలలోనివి. ఉత్తరాంధ్ర, గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో ఆ పార్టీకి ఈ రెండు కొండ స్థానాలు తప్ప మరొకటి లభించలేదు. అరకులోయలో కూటమి తరఫున పోటీ చేసినది భారతీయ జనతా పార్టీ.

మైదాన మండలాలు, పట్టణాలు కలిసి ఉన్న పాలకొండ, కురుపాం, సాలూరు, పోలవరంలు రాష్ట్రవ్యాప్త గాలివైపు మొగ్గగా, దాదాపు పూర్తిగా కొండలలోనే ఉన్న అరకులోయ, పాడేరు ఎదురు నిలిచినాయి. రంపచోడవరం మాత్రం కొండ నియోజకవర్గమైనా తెలుగుదేశానికి లభించింది. అక్కడ గెలుపొందిన మిరియాల శిరీషాదేవి అంతకుముందు అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసింది.

లోక్‌సభ ఫలితం మరొక విశేషం. అరకు లోక్‌సభ పరిధిలోని ఏడు శాసనసభ స్థానాలలో ఐదు కూటమికి లభించినా, లోక్‌సభ స్థానాన్ని వైకాపా అభ్యర్థి గుమ్మ తనూజారాణి గెలుచుకుంది. ఓడిపోయిన భారతీయ జనతా పార్టీ అభ్యర్థి కొత్తపల్లి గీత 2014లో అదే స్థానం నుండి వైకాపా తరఫున గెలిచినది.

## అరకులోయ స్థానం

ఏడు స్థానాలలో అరకులోయ చరిత్ర విషాదభరితమైనది. 2009లో ఇక్కడి తొలి సభ్యుడిగా ఎన్నికైన శివేరి సోమ, 2014లో అతనిని ఓడించిన కిడారి సర్వేశ్వరరావు ఎన్నికలలో ప్రత్యర్థులు. 2016లో సర్వేశ్వరరావు తెలుగుదేశంలో చేరడంతో ఇద్దరూ ఒకే పార్టీవారైనారు.

2018 సెప్టెంబరు 23న గ్రామదర్శిని కార్యక్రమానికి వెళుతుండగా డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద మావోయిస్టులు వీరిద్దరినీ కాల్చి చంపారు. ఆగ్రహించిన జనం డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్లపై దాడి చేశారు. సర్వేశ్వరరావు మరణంతో ఖాళీ అయిన స్థానం 2019 సాధారణ ఎన్నికల వరకు అలాగే ఉండిపోయింది. ఆ నెలలన్నీ అరకులోయకు శాసనసభలో సభ్యుడు లేడు.

2018 నవంబరులో సర్వేశ్వరరావు కుమారుడు కిడారి శ్రావణ్‌కుమార్‌ను రాష్ట్ర మంత్రివర్గంలోకి తీసుకున్నారు. అప్పటికి అతడు ఉభయ సభలలో దేనిలోను సభ్యుడు కాడు. రాజ్యాంగం ప్రకారం అటువంటి మంత్రి ఆరు నెలలలోగా ఎన్నిక కావాలి. ఆ గడువులో సభ్యత్వం లభించనందున 2019 మేలో అతడు రాజీనామా చేశాడు. అదే సంవత్సరం అరకులోయ నుండి పోటీ చేసి ఓడిపోయాడు.

## మంత్రివర్గంలో మన్యం సభ్యులు

* 1999లో పాడేరు నుండి ఎన్నికైన మత్స్యరాస మణికుమారి (తెదేపా) మంత్రిగా పనిచేసింది.
* 2009లో ఎన్నికైన పసుపులేటి బాలరాజు (పాడేరు) గిరిజన సంక్షేమ శాఖను నిర్వహించాడు.
* 2014 జూన్ నుండి 2018 నవంబరు వరకు రాష్ట్ర మంత్రివర్గంలో షెడ్యూల్డు తెగలవారెవరూ లేరు. గిరిజన సంక్షేమ శాఖను ఇతర వర్గాలకు చెందిన మంత్రులు నిర్వహించారు.
* 2019 జూన్ నుండి 2022 ఏప్రిల్ వరకు పాముల పుష్పశ్రీవాణి (కురుపాం), ఆ తరువాత 2024 జూన్ వరకు పీడిక రాజన్నదొర (సాలూరు) ఉపముఖ్యమంత్రులుగా గిరిజన సంక్షేమ శాఖను నిర్వహించారు.
* 2024 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో గుమ్మిడి సంధ్యారాణి (సాలూరు) మహిళా శిశు సంక్షేమ, గిరిజన సంక్షేమ శాఖల మంత్రి అయింది.

## మహిళా సభ్యులు

2009లో ఏడు స్థానాలలో ఒక్క మహిళ కూడ ఎన్నిక కాలేదు. 2014లో నలుగురు, 2019లో నలుగురు, 2024లో ముగ్గురు ఎన్నికయ్యారు. మహిళలకు ప్రత్యేకించిన స్థానాలు లేకుండానే సగానికి అటు ఇటుగా మహిళలు ఎన్నిక కావడం మన్యం స్థానాల ప్రత్యేకత. శాసనసభ మొత్తంలో మహిళల నిష్పత్తి ఇంతకంటే చాల తక్కువ.

## సంఖ్యాబలం, ప్రభావం

ఏడుగురు సభ్యుల సంఖ్యాబలానికి గల పరిమితులను ఈ దిగువ సందర్భాలు తెలుపుతాయి.

తెగల జాబితా: వాల్మీకి బోయలను షెడ్యూల్డు తెగలలో చేర్చాలని కోరుతూ శాసనసభ 2017 డిసెంబరులో తెలుగుదేశం ప్రభుత్వ కాలంలోను, 2023 మార్చిలో వైకాపా ప్రభుత్వ కాలంలోను తీర్మానాలు చేసింది. జాబితాలో కొత్త వర్గాలు చేరితే ఉద్యోగాలలో, విద్యలో తమ వాటా తగ్గుతుందని ఏజెన్సీలో రెండుమార్లూ ఆందోళనలు జరిగినాయి. 2023 తీర్మానం నాటికి ఏడుగురు సభ్యులూ అధికార పక్షంవారే. జాబితాను మార్చే అధికారం 342వ అధికరణం ప్రకారం పార్లమెంటుకు మాత్రమే ఉన్నందున ఈ తీర్మానాలు సిఫారసులు మాత్రమే.

బాక్సైటు: 2015 నవంబరులో విశాఖ ఏజెన్సీలోని అటవీ ప్రాంతంలో బాక్సైటు తవ్వకాలకు వీలు కల్పిస్తూ ప్రభుత్వం జీఓ 97 జారీ చేసింది. పార్టీలకతీతంగా వ్యతిరేకత రావడంతో అమలును నిలిపివేసింది. 2019లో వచ్చిన ప్రభుత్వం దానిని రద్దు చేసింది.

న్యాయస్థానాల తీర్పులు: అనంతగిరి మండలంలోని గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన దావాలో, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూములను కూడ గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాలలోని ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరపు జీఓ 3ను 2020 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానం కొట్టివేసింది. మన్యం జీవితాన్ని గాఢంగా మార్చిన ఈ రెండు నిర్ణయాలూ శాసనసభ వెలుపల జరిగినవే.

మన్యం సభ్యుల పాత్ర సభలో ఓటు వేయడంతో ముగియదు. గిరిజన సలహా మండలిలోను, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏ) పాలకవర్గ సమావేశాలలోను వారికి స్థానం ఉంది. రహదారి, ఆసుపత్రి, ఆశ్రమ పాఠశాల వంటి సమస్యలు ఎక్కువగా చర్చకు వచ్చేది ఈ సమావేశాలలోనే.

## భవిష్యత్తు

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 26వ విభాగం శాసనసభ స్థానాలను 175 నుండి 225కు పెంచుటకు వీలు కల్పించింది. అయితే 2026 తరువాత జరిగే తొలి జనగణన వరకు స్థానాల సంఖ్యను మార్చరాదని రాజ్యాంగంలోని 170వ అధికరణం నిర్దేశిస్తున్నది. తక్షణ పునర్విభజన కోరుతూ దాఖలైన పిటిషనును 2025 జూలైలో సుప్రీంకోర్టు తిరస్కరించింది. తదుపరి పునర్విభజనలో షెడ్యూల్డు తెగల స్థానాలను తెలంగాణతో కలపకుండా, ఆంధ్రప్రదేశ్ జనాభాను మాత్రమే ఆధారంగా తీసుకొని నిర్ణయించవలసి ఉంటుంది.

## ఇవి కూడా చూడండి

* ఆంధ్రప్రదేశ్ శాసనసభ
* అరకు లోక్‌సభ నియోజకవర్గం
* అరకులోయ శాసనసభ నియోజకవర్గం
* భారత రాజ్యాంగం - ఐదవ షెడ్యూలు
* సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ